హజీరా చేతి మీంచి దిగిన గాజులు

మా హజీరా సంగతి చెప్పాలంటే ముందు ఆమె చేతి సంగతి చెప్పాలి. మనిషి కంటే ముందు షామీర్‌పేటకు నచ్చింది ఆ చెయ్యే.

హజీరా అత్త చాంద్‌బీ గాజులమ్మేది. కొడుకు వహాబ్‌కు పిల్లను చూడటానికి మేడ్చల్ పోయినప్పుడు ఆమె వంట వచ్చా అని అడగలేదు, చదువుకున్నావా అని అడగలేదు. కొంగులోంచి ఒక సన్న గాజు తీసి "చెయ్యియ్యి బిడ్డా" అంది. అది చిన్నపిల్లల గాజు. హజీరా చేతికి అది నీళ్లలో చేప జారినట్టు ఎక్కింది, అట్లాగే దిగింది. చాంద్‌బీ అక్కడికక్కడే ఒప్పేసుకుంది. వహాబ్‌ను అడిగినవాళ్లు లేరు.

చెయ్యి ఎందుకంత ముఖ్యమంటే, మా దగ్గర గాజులు తొడగడానికి ఒక పద్ధతి ఉంది. గాజులామె ముందు తన చేతికి ఎక్కించుకోవాలి. తన చేతి మీంచి దించి, కింద పెట్టకుండా, మన చేతికి తొడగాలి. గాజుకు ఎక్కడైనా పదును పలుకుంటే ముందు ఆమె చెయ్యి గీసుకుంటుంది, మన చెయ్యి గీసుకోదు. మొదట్లో ఇంతే. తర్వాత్తర్వాత అది శకునం కింద మారింది. మొగుడూ పిల్లలూ చల్లగా ఉన్న ఆడమనిషి చేతి మీంచి దిగిన గాజు మన చేతికొస్తే మన ఇల్లు కూడా చల్లగా ఉంటుందని. అందుకే గాజులామె చెయ్యి ఊళ్లో అందరి చేతుల కంటే చిన్నదిగా ఉండాలి. అప్పుడే ఎవరి కొలత గాజైనా ఆమె చేతి మీంచి దిగుతుంది. పెద్ద చెయ్యి ఉన్న గాజులామె, చెట్టెక్కాలంటే భయపడే గౌడన్న, ఇద్దరూ ఒకటే.

నా పేరు సత్తమ్మ. అంగట్లో హజీరా పక్కన కూర్చొని పల్లీలు, మక్కకంకులు అమ్ముతాను. ఆమె గాజుల గంపకూ నా పల్లీల గంపకూ నడుమ జానెడు జాగా కూడా ఉండదు. అందుకే ఇదంతా నాకు తెలుసు.

స్వైన్ ఫ్లూ అని అందరూ మూతికి గుడ్డలు కట్టుకొని తిరిగిన ఏడాది ఇది మొదలైంది. ఒకరోజు హజీరా ఒక పచ్చ గాజు చేతికి ఎక్కించుకోబోతే అది వేళ్ల కణుపుల దగ్గర ఆగిపోయింది. తిప్పింది, నూనె రాసింది. కదల్లేదు.

"సత్తక్కా, గీ గాజు సూడు. చిన్నగైంది."

"గాజెట్ల చిన్నగైతదే?"

"సిటీల గాజుల సేటు చిన్నగ జేసి పంపుతున్నడు. గీ బిస్కెట్ పుడ సూడు, పోయినేడు ఎంతుండె, గిప్పుడెంతుంది? ధర గంతే. సబ్బు సూడు, నడిమిట్ల గుంత జేసిన్రు. అన్నీ అయిపోయినయ్, ఇగ గాజుల మీద పడ్డరు."

నేనూ ఔనన్నాను. ఎందుకంటే సబ్బుకు నిజంగానే గుంత పడింది. మా పక్క తూంకుంటలో ప్లాట్లు కూడా ఏడాదికేడాది చిన్నవవుతున్నాయి. ఇంట్లో మంచం పట్టే గది ఉంటే గొప్ప అనే కాలం వచ్చింది. అట్లాంటప్పుడు గాజు ఒక్కటే నిజాయితీగా ఎందుకుంటుంది? అంగట్లో అందరూ హజీరా మాటకు తలూపారు.

ఆ తర్వాత ఆమె ఉంగరం బిగిసింది. కంసాలి కోసి తీయాల్సి వచ్చింది. బంగారం ధర పెరిగితే బంగారం ముడుచుకుంటుందని హజీరా అంది. తర్వాత చెప్పులు ఇరుకయ్యాయి. కొత్తవి కొంటే అవీ ఇరుకయ్యాయి. ఒక శుక్రవారం వహాబ్ మసీదుకు ఒట్టి కాళ్లతో పోతుంటే చూసి, చెప్పులేవని అడిగాను.

"మా ఇంటామె కాళ్లకున్నయ్ సత్తక్కా" అన్నాడు వహాబ్. "ఆమెవి చిన్నగైనయట. నావి కూడ చిన్నగైతే ఇగ లారీ టైర్లు కోసుకోవాలె."

వహాబ్ మేకలు కొని అమ్ముతాడు. దేన్నైనా నవ్వుతూనే చెప్తాడు. ఇల్లు కాలుతున్నా చలి పోయిందనే రకం.

హజీరా గొంతు కూడా బొంగురుపోయింది. సిటీలో గాజుల సేటుకు ఫోన్ చేసి, మాల్ చిన్నగా పంపుతున్నావని గట్టిగా నిలదీసింది.

"వహాబ్ భాయ్, నువ్వు జర ఫోన్ మీ ఇంటామెకియ్యి. గాజుల సంగతి ఆమెతోనే మాట్లాడ్త" అన్నాడు సేటు.

"నేనే ఇంటామెను."

సేటు ఫోన్ పెట్టేశాడు. హజీరా నా వైపు చూసి, "సూసినవా? తప్పు జేసినోడు గట్లనే పెట్టేస్తడు" అంది.

ఇగ చిన్న గాజులు ఆమె చేతి మీంచి దిగవు కాబట్టి, ఆమె ఒక నంబరు పెద్దవి తేవడం మొదలుపెట్టింది. తర్వాత రెండు నంబర్లు. తర్వాత మూడు. ఊళ్లో ఆడవాళ్ల చేతులేమో ఎప్పటిలాగే ఉన్నాయి. వాళ్ల మణికట్ల మీద గాజులు బండి చక్రాల్లా తిరిగేవి. కొందరు దారం చుట్టుకున్నారు. కొందరు రబ్బరుబ్యాండు వేసుకున్నారు. మా యాదవ్వ, ఊళ్లో అందరికంటే పెద్ద ముసలిది, గాజుల్ని మోచేయి దాటించి దండకు ఎక్కించుకుంది. పాలు పిండేటప్పుడు గాజు బకెట్లో పడటం, పప్పులో గాజు రావడం మామూలైపోయింది. మా కోడలు ఒకసారి గాజు పోయిందని ఇల్లంతా వెతికితే, అది బర్రె కొమ్ముకు వేలాడుతూ కనిపించింది. బర్రెకు బాగానే కుదిరింది.

అయినా హజీరాను ఎవరూ ఒక్క మాట అనలేదు. వేరే చోట కొనుక్కోనూ లేదు. ఆమె చేతి మీంచి దిగని గాజు తొడుక్కొని ఆ తర్వాత మొగుడికి జ్వరమొస్తే ఎవరిది బాధ్యత?

ఇట్లా ఉండగా తూంకుంట కొత్త కాలనీ నుంచి కామేశ్వరమ్మ పిలిపించింది. వాళ్లది కోస్తా వైపు. భర్త యజ్ఞనారాయణ బ్యాంకులో పెద్ద ఉద్యోగి. కూతురు శ్రీలేఖకు సీమంతం పెట్టుకున్నారు. వాళ్లింట్లో పనిచేసే ఆమె చెప్పిందట, ఇక్కడ గాజులంటే హజీరా చేతి మీంచే దిగాలని. గంప మోయడానికి సాయంగా నేనూ పోయాను.

హజీరా కూర్చొని ఒక్కొక్క గాజు తన చేతికి ఎక్కించుకొని, దించి, శ్రీలేఖకు తొడిగింది. నొప్పి లేదు, నూనె లేదు. కామేశ్వరమ్మ మురిసిపోయింది. "ఎంత మెత్తటి చెయ్యమ్మా నీది. మా అమ్మాయి హాయిగా కూర్చుంది చూశారా?" అని అందరికీ చెప్పింది.

అంతా అయ్యాక శ్రీలేఖ పెద్దల కాళ్లకు దండం పెట్టడానికి వంగి చేతులు చాచింది. గాజులన్నీ ఒక్కసారి దిగిపోయాయి. రెండు చేతుల గాజులూ. కల్లం మీద పల్లీల బస్తా విప్పినట్టు గలగలమని పోయి సోఫా కిందికి కొన్ని, బల్ల కిందికి కొన్ని దొర్లాయి. ఒకటి పాయసం గిన్నెలో మునిగింది. ఒకటి తిన్నగా పోయి యజ్ఞనారాయణ కాలి బొటనవేలికి తగులుకొని ఆగింది. తివాచీ పరిచి ఉంది కాబట్టి ఒక్కటీ పగల్లేదు.

యజ్ఞనారాయణ కాలి వంక చూసుకొని, "ఇది నాకు కూడా పెట్టాలా?" అన్నాడు.

"మీరు ఊరుకోండి" అంది కామేశ్వరమ్మ. ఆమె ముఖం తెల్లబోయింది. "ఏంటమ్మా ఇది? నిండు చూలాలి చేతి గాజులు ఇలా రాలిపోతాయా?"

"గాజులు మంచివేనమ్మా" అంది హజీరా. "మీ పిల్ల చెయ్యి చిన్నగైంది. ఈ నడుమ అన్నీ చిన్నగైతున్నయ్."

ఆ మాట కామేశ్వరమ్మకు నచ్చలేదు. మమ్మల్ని గేటు దాకా కూడా సాగనంపలేదు. దారి పొడుగునా హజీరా నాకంటే ముందే నడిచింది. ఇంటి దగ్గరికొచ్చాక "కాలనీ గిరాకీ ఇండ్లు పోయినట్టే సత్తక్కా" అని మాత్రం అంది.

కానీ ఏమైందో చూడండి. శ్రీలేఖకు నొప్పులొస్తున్నాయని కారెక్కించారు. సిటీలో ఆస్పత్రి. కారు తూంకుంట దాటి హకీంపేట చేరేసరికి మగపిల్లవాడు బయటికొచ్చేశాడు. తల్లీ పిల్లా క్షేమం. డ్రైవరే కొంచెం కళ్లు తిరిగి పడిపోయాడు.

వారం తిరక్కుండా కామేశ్వరమ్మ లడ్డూల డబ్బా పట్టుకొని అంగట్లోకే వచ్చింది.

"హజీరా బీ, నన్ను క్షమించాలి. ఆ రోజు గాజులు ఎలా జారాయో, కాన్పు కూడా అలాగే జారిపోయిందమ్మా. మా అమ్మాయి నా కడుపున పుట్టడానికి రెండు రోజులు తీసుకుంది. దాని కొడుకు రెండు స్పీడు బ్రేకర్లు కూడా ఆగలేదు."

ఇగ చూడాలి. కాలనీలో కడుపుతో ఉన్న ప్రతి ఆడపిల్లకూ హజీరా వదులు గాజులే కావాలి. అల్వాల్ నుంచి వచ్చారు, బొల్లారం నుంచి వచ్చారు, కౌకూర్ నుంచి ఒక మిలిటరీ ఆయన భార్యను జీపులో తీసుకొచ్చాడు. సరిపోయే గాజు తొడిగితే ఊరుకోరు. "ఇంకొంచెం వదులుండాలి, వదులుండాలి" అనేవాళ్లు. సీమంతంలో గాజులు రాలకపోతే ఏడ్చే రోజులొచ్చాయి. హజీరా చెయ్యి ఎంత పెరిగితే అంత గిరాకీ పెరిగింది.

చెయ్యి పెరిగిందని ఇప్పుడంటున్నాను. అప్పుడు ఎవరూ అనలేదు. రోజూ చూసే మొహం ఎంత మారినా కనపడదు. ఆమె దవడ ముందుకొచ్చింది, పళ్ల నడుమ సందులొచ్చాయి, ముక్కు లావైంది, చలికాలంలో కూడా చెమటలు కారేవి. ఆమె గురకకు పక్కింటివాళ్లు ఎవరో బోరు వేయిస్తున్నారని పొద్దున్నే చూడటానికి వచ్చారు, నీళ్లు పడ్డాయా అని. తలనొప్పి మాత్రం విడవకుండా ఉండేది. మాత్ర వేసుకొని తలకు గుడ్డ కట్టుకొని కూర్చునేది.

తర్వాత గుద్దుకోవడం మొదలైంది. తలుపు చెక్కకు భుజం కొట్టుకునేది. "తలుపు చిన్నగైంది" అనేది. పక్క నుంచి గిరాకీ వచ్చి చెయ్యి చాపితే చూసేది కాదు. నేను పక్కనే కూర్చొని కంకి ఇస్తే, నా చెయ్యి గాల్లోంచి ఊడిపడినట్టు ఉలిక్కిపడేది. గంప పక్కన పెట్టుకున్న బిస్కెట్ పుడ తీసి చూసుకొని, "పొద్దటికంటే ఇంకా చిన్నగైంది సత్తక్కా, పుడ పుడలనే చిన్నగైతాంది" అనేది.

ఆమె కోడలు సుమేరా తక్కువ మాట్లాడుతుంది గానీ అన్నీ చూస్తుంది. బడిలో కళ్ల డాక్టర్లు ఉచితంగా చూస్తున్నారంటే అత్తను బలవంతంగా తీసుకుపోయింది. వహాబ్ వచ్చాడు, నేనూ పోయాను. డాక్టరమ్మ చిన్న వయసుది. హజీరాను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"అమ్మా, నా ముక్కు వైపే చూడండి. నా వేళ్లు ఎటు పక్క కదులుతున్నాయో చెప్పండి."

హజీరా కాసేపు చూసి, "చేతులు జేబులల్ల పెట్టుకుంటే ఎట్ల చెప్పాలె డాక్టరమ్మా?" అంది.

డాక్టరమ్మ చేతులు రెండు పక్కలా గాల్లోనే ఉన్నాయి. వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. సుమేరా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

డాక్టరమ్మ హజీరా అరచేతిని తన అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది. "చేతులు, కాళ్లు ఎప్పటినుంచి పెరుగుతున్నాయి?" అని అడిగింది.

"పెరుగలేదు. గాజులు చిన్నగైనయ్."

"చెప్పులు?"

"అవి కూడ."

డాక్టరమ్మ వహాబ్ కాళ్ల వైపు చూసింది. ఆయన ఒట్టి కాళ్లతో ఉన్నాడు. "నా చెప్పులకు కూడ గా రోగమే ఉందమ్మా" అన్నాడు వహాబ్.

సిటీలో పెద్దాస్పత్రికి పోయి రక్తపరీక్షలు, తల స్కానింగు చేయించారు. అక్కడి పెద్ద డాక్టరు ఓపికగా చెప్పాడు. ముక్కు వెనక, మెదడు కింద, బఠాణీ గింజంత గ్రంథి ఒకటి ఉంటుందట. పిట్యూటరీ అంటారట. మనిషి ఎంత పెరగాలో అదే హుకుం ఇస్తుంది. పెరగడం అయిపోయాక ఊరుకోవాలి. హజీరా గ్రంథి మీద ఒక చిన్న గడ్డ లేచింది. అది ఊరుకోకుండా పెరుగు పెరుగు అని హుకుం ఇస్తూనే ఉంది. చిన్నపిల్లలకు ఇట్లా అయితే తాడిచెట్టంత పొడుగవుతారు. పెద్దవాళ్ల ఎముకలు పొడుగు సాగవు కాబట్టి చేతులు, కాళ్లు, దవడ లావెక్కుతాయి. ఇప్పుడా గడ్డ పైకి పెరిగి కళ్ల నరాల్ని నొక్కుతోంది. అందుకే రెండు పక్కలా కనిపించడం లేదు. ఆలస్యం చేస్తే ఎదురుగా ఉన్నది కూడా కనిపించదు. ముక్కులోంచి పోయి గడ్డను తీసేయాలి.

"ముక్కులకెళ్లా? గంత ఇరుకు తొవ్వలకెళ్లా?" అన్నాడు వహాబ్.

"ఆ తొవ్వే దగ్గర" అన్నాడు డాక్టరు.

"అయినా ఇప్పుడు ఆమె ముక్కు కూడ ఇరుకేం లేదులే సాబ్."

హజీరా ఒక్కటే అడిగింది. "గడ్డ తీస్తే నా చెయ్యి మల్ల చిన్నగైతదా?"

"వాపు తగ్గుతుంది. ఎముక పెరిగింది మాత్రం అట్లాగే ఉంటుంది."

"అంటే పాత చెయ్యి రాదు, గిప్పటి చెయ్యి ఉండదు."

డాక్టరు ఒప్పుకున్నాడు. హజీరా లేచి, తలుపు చెక్కను గుద్దుకొని, బయటికొచ్చేసింది. ఆపరేషన్ వద్దంది.

ఇంట్లో బతిమిలాడారు. సర్కారు కార్డు మీద ఖర్చు లేకుండా అయిపోతుందని సుమేరా చెప్పింది. వినలేదు. చివరికి అంగట్లో నాతో అసలు మాట చెప్పింది.

"సత్తక్కా, గాజులు చిన్నగైనయంటే తప్పు సేటుది. చెయ్యి పెరిగిందంటే అది రోగం. రోగపు చేతి మీంచి దిగిన గాజు ఎవరేసుకుంటరు? మా అత్త నాకు పొలమియ్యలే, ఇల్లియ్యలే. నా చెయ్యి సూసి గాజులు తొడిగే ఇండ్లిచ్చింది. ఆస్పత్రిల పడుకున్ననంటే గా ఇండ్లు పోతయ్."

"కండ్లు పోతే ఇండ్లు ఉంటయా?"

"గాజులు తొడగనీకి కండ్లెందుకు? చేతులతోనే గద."

ఈ మాట కాలనీకి చేరితే కామేశ్వరమ్మ వచ్చింది. ఆమెకు హజీరా మీద నిజంగానే ప్రేమ. కానీ ఆమె బాధ ఆమెది.

"ఆపరేషన్ చేయించుకోవాల్సిందే, కాదనను. కాకపోతే వచ్చే నెల మా ఆడపడుచు కూతురి సీమంతం ఉంది. అదయ్యాక చేయించుకుంటే? లేదంటే డాక్టరుగారితో మాట్లాడి, గడ్డ మొత్తం తీసేయకుండా కొంచెం ఉంచమనండి. పాలకు తోడుకని పెరుగు కొంచెం ఉంచుతాం కదా, అలాగ."

వహాబ్ మొట్టమొదటిసారి నవ్వలేదు.

అవి మా ఊరి నడుమ పోయే కరీంనగర్ రోడ్డు వెడల్పు చేస్తున్న రోజులు. రోడ్డు పక్క ఇండ్ల ముందు భాగాలన్నీ కొట్టేశారు. మా ఇంటి అరుగు పోయింది, ముందర రేకుల షెడ్డు పోయింది. నేను వంట చేస్తుంటే బస్సులో పోయేవాళ్లకు కూర ఏదో కనిపించేది. రోడ్డుకు ఈ పక్క నిలబడి ఆ పక్క మనిషిని పిలవాలంటే గొంతు చాలేది కాదు. అంత పెద్దదైంది.

ఒక సాయంత్రం అంగడి అయ్యాక హజీరా గంప నెత్తిన పెట్టుకొని మా ఇంటి ముందు ఆగింది. నేను, వహాబ్, యాదవ్వ కూలిన అరుగు రాళ్ల మీద కూర్చొని ఉన్నాం. హజీరా రోడ్డు వంక చూసింది. చూసి నిట్టూర్చింది.

"రోడ్డు కూడ చిన్నగ జేసిన్రు సత్తక్కా. రెండు దిక్కుల నుంచి తగ్గించిన్రు. ఇగ బండ్లెట్ల పోతయ్?"

ఈసారి ఎవరం తలూపలేదు. గాజు చిన్నగైందంటే తలూపాం. చెప్పు చిన్నగైందంటే తలూపాం. బంగారం ముడుచుకుందన్నా ఊకొట్టాం. కానీ మేము కూర్చున్నదే ఆ రోడ్డు కోసం కూల్చిన రాళ్ల మీద.

మేము ఏమైనా అనేలోపే పక్కనుంచి ఒక స్కూటరు దూసుకొచ్చింది. హజీరా అటు తిరగలేదు. స్కూటరతను తిప్పుకున్నాడు గానీ హ్యాండిలు గంపకు తగిలింది. గాజులు తారు మీద పడి పగిలాయి. హజీరా అక్కడే నిలబడి, ఎవరు కొట్టారో తెలియక నేరుగా ముందుకే చూస్తూ తిట్టింది. స్కూటరతను ఆమె కుడి పక్కనే నిలబడి "తప్పైంది భాయ్" అంటున్నాడు.

వహాబ్ ఆమె చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి రాళ్ల మీద కూర్చోబెట్టాడు. గాజు పెంకులు ఏరడానికి కూడా ఎవరం లేవలేదు. నేను ఆమె పక్కన కూర్చొని, గంప అడుగున ఒక మంచి గాజు మిగిలితే తీసి, ఆమె చెవి పక్కన పట్టుకున్నాను.

"ముందుకే సూడు హజీరా. నా చేతిల గాజు ఏం రంగు?"

"నీ చెయ్యి లేదు."

"ఉంది."

ఆమె తల తిప్పింది. గాజు కనిపించింది. మళ్లీ ముందుకు తిప్పింది. మళ్లీ పక్కకు తిప్పింది. అట్లా చాలాసార్లు చేసింది, గాజు ఎక్కడికి పోయి ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవాలన్నట్టు. తర్వాత తన రెండు చేతుల్ని ఒళ్లో పెట్టుకొని చూసుకుంది.

"రోడ్డు పెద్దగైందా?"

"మా అరుగు పోయింది గదనే."

"అయితే గాజులు?"

"గాజులు గట్లనే ఉన్నయ్."

"నీ చెప్పులు?" అని వహాబ్‌ను అడిగింది.

"అవి కూడ గట్లనే ఉన్నయ్ బేగం. జర సాగినయ్."

"మరి బిస్కెట్ పుడ?"

"గది మాత్రం నిజంగనే చిన్నగైంది" అన్నాడు వహాబ్ జల్దీగా.

హజీరా యాదవ్వ దండ మీది గాజుల వంక చూసింది. ఆ తర్వాత, "గంత మంది నా కోసం గాజులకు దారాలు కట్టుకొని తిరిగిన్రా?" అంది.

యాదవ్వ తన దండ మీది గాజుల్ని సర్దుకుంటూ, "నాకైతే గాలాడుతాంది" అంది.

ఆ వారమే ఆపరేషన్ అయింది. ముక్కులోంచే పోయి తీశారు. పెద్దాస్పత్రిలో ఆమె మంచం చుట్టూ షామీర్‌పేట ఆడవాళ్లు కొందరు, తూంకుంట కాలనీ వాళ్లు కొందరు. రోగపు చెయ్యి అని ఎవరూ అనలేదు. కామేశ్వరమ్మ ఆడపడుచు కూతురు ఒకటి, రెండు గాజులైనా ఇప్పుడే తొడగమని చెయ్యి చాచి నిలబడితే, నర్సు బయటికి పంపింది.

కొన్నాళ్లకే వేళ్ల వాపు దిగింది. చెమటలు తగ్గాయి. గురక తగ్గింది, పక్కింటివాళ్లు ఇగ నీళ్లు పడవని అనుకున్నారు. వహాబ్ చెప్పులు వహాబ్‌కు తిరిగొచ్చాయి. దవడ మాత్రం అట్లాగే ఉండిపోయింది, గొంతూ అంతే. సూదిమందులు వేయించుకుంటూ, పరీక్షలకు పోతూ ఉండాలన్నారు. కళ్లు మెల్లమెల్లగా పక్కలకు తెరుచుకున్నాయి. ఆస్పత్రి నుంచి వచ్చిన తర్వాత ఒకరోజు రోడ్డు దగ్గర నిలబడి అటు చివర నుంచి ఇటు చివర దాకా చూసి, "గింత పెద్దగ ఎవరేసిన్రే దీన్ని? దాటుడెట్ల?" అని తిట్టింది.

ఇంక మిగిలింది గాజులే. మా ఊళ్లో ఒక పెళ్లి వచ్చింది. పెండ్లి గాజులకు హజీరానే పిలిచారు. ఆమె ఈసారి సరైన కొలత గాజులు తెచ్చింది. పెండ్లికూతురు సన్నటి పిల్ల. వాకిట్లో ఆడవాళ్లందరూ కూర్చున్నారు. హజీరా మొదటి గాజు తీసి తన చేతికి ఎక్కించబోయింది. వాపు దిగినా ఎముక దిగదు కదా. గాజు కణుపుల దగ్గర ఆగిపోయింది. నొక్కింది. పోలేదు. ఆమె నుదుటి మీద మళ్లీ చెమట పట్టింది.

సుమేరా మెల్లగా తన సన్న చెయ్యి చాచింది. "అమ్మీ, నా చేతికెళ్లి దించుదామా?"

హజీరా కోడలి చెయ్యి చూసింది. తన చెయ్యి చూసుకుంది. గాజును కోడలికి ఇవ్వబోతూ ఉండగా వెనకనుంచి యాదవ్వ గొంతు వినిపించింది.

"చిటికెనేలు నీది గాదానే?"

హజీరా ఆగింది. చిటికెనవేలును గాజులో పెట్టింది. గాజు వేలి మొదలు దాకా పోయింది. దించి, పెండ్లికూతురికి తొడిగింది. గాజు గట్టిగా, బుద్ధిగా, ఎక్కడుండాలో అక్కడ నిలబడింది.

వాకిట్లో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లు దారాలు కట్టుకున్నాం, రబ్బరుబ్యాండ్లు వేసుకున్నాం, పప్పులో గాజులు ఏరుకున్నాం, బర్రెకు కూడా తొడిగాం. చిటికెనవేలు ఎవరికీ గుర్తు రాలేదు.

"ముందే చెప్పొద్దా యాదవ్వా?" అన్నాను.

"ఎవరన్న అడిగిన్రా?" అంది యాదవ్వ.

ఇప్పుడు అంగట్లో మా గంపలు ఎప్పటిలాగే పక్కపక్కనే ఉంటాయి. కాలనీ వాళ్లు ఇంకా వదులు గాజులే అడుగుతారు, హజీరా ఇవ్వనంటుంది, వాళ్లు బతిమిలాడతారు. నిన్న మధ్యాహ్నం ఆమె కామేశ్వరమ్మతో అదే గొడవ పడుతూ, ముందుకే చూస్తూ గాజులు సర్దుతోంది. వహాబ్ ఆమె వెనకనుంచి వచ్చి, కుడి పక్కన చప్పుడు కాకుండా కూర్చొని, బిస్కెట్ పుడలో చెయ్యి పెట్టాడు.

హజీరా తల తిప్పలేదు. గాజులు సర్దడం ఆపలేదు.

"ఎన్నేండ్ల సంది తింటున్నవ్?" అంది.

వహాబ్ చెయ్యి పుడలోనే ఆగిపోయింది.